అమ్మ ఎదురొచ్చిన వీధి

కాలేజీని హైవే పక్కనుంచి డౌన్‌టౌన్‌కి మార్చాలన్న మాట మొదట లేచినప్పుడు, వద్దని అందరికన్నా గట్టిగా అరిచింది నేనే. సిటీ కౌన్సిల్‌వాళ్ళు పెట్టిన మీటింగుకి పనిగట్టుకుని వెళ్ళి, మైకు దగ్గర వరసలో నిలబడి మరీ అరిచాను. చదువుల గురించి, పిల్లల భవిష్యత్తు గురించి చాలా చెప్పాను గానీ, నా అసలు బాధ పార్కింగు. పాత క్యాంపస్‌లో నా క్లాసురూము కిటికీ కిందే నా కారు ఉండేది. దిగితే క్లాసు, ఎక్కితే ఇల్లు. ఈ దేశంలో ఇంతకన్నా సుఖం ఇంకేముంటుంది?

మాది న్యూజెర్సీలో ఓ చిన్న ఊరు. గోంగూరకీ కంది పప్పుకీ మన కొట్లుండే ఎడిసన్ వెళ్ళొచ్చేసరికి సగం శనివారం అయిపోతుంది. ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో నేను లెక్కలు చెప్తాను. రెండేళ్ళ చదువు, తక్కువ ఫీజు, ఎవరొస్తే వాళ్ళకి సీటు. మనవాళ్ళ పార్టీల్లో "ఏ యూనివర్సిటీ అండీ?" అని ఉత్సాహంగా అడిగినవాళ్ళు, "ఓహో, కమ్యూనిటీ కాలేజా" అని సమోసాల వైపు తిరిగిపోతారు. నాకు ఒళ్ళు మండుతుంది. వేసవి సెలవుల్లో క్రెడిట్ల కోసం వాళ్ళ పిల్లలు వచ్చి కూర్చునేది నా క్లాసులోనే.

మా డౌన్‌టౌన్ అప్పటికి పేరుకే డౌన్‌టౌన్. ఒకప్పుడు మెయిన్ స్ట్రీట్ మీద అడుగు పెట్టే చోటుండేది కాదట. హైవే మీద మాల్ వచ్చి ఆ వీధిని మింగేసింది. నడిబొడ్డున ఉన్న నాలుగంతస్తుల డిపార్ట్‌మెంట్ స్టోరు మూతబడి, అద్దాలకి చెక్కలు కొట్టించుకుని ఏళ్ళ తరబడి అలాగే నిలబడి ఉంది. దాని పక్కన ఒక బార్బర్ షాపు, దూరంగా రైలు స్టేషను, మధ్యలో పావురాలు. ఆ స్టోరులోకి కాలేజీ వస్తే పిల్లలొస్తారు, పిల్లలొస్తే కాఫీ తాగుతారు, కాఫీ అమ్ముడుపోతే వీధిలో దీపాలు వెలుగుతాయి అన్నది సిటీవాళ్ళ లెక్క. లెక్కల టీచర్ని కదా, ఆ లెక్క తప్పని వాదించాను. నా వాదన ఎవరూ పట్టించుకోలేదు.

ఇక మా అమ్మ సంగతి చెప్పాలి.

మా అమ్మది తెనాలి. మా వీధిలో ఆవిడకి జీతం లేని ఉద్యోగం ఒకటుండేది. ఎదురు రావడం. ఎవరైనా పరీక్షకో, ఇంటర్వ్యూకో, సంబంధం మాట్లాడటానికో గుమ్మం దాటుతుంటే మంచి మనిషి ఎదురుగా నడిచి రావాలి, అప్పుడు వెళ్ళిన పని అవుతుందని నమ్మకం కదా. మా వీధికంతటికీ ఆ మంచి మనిషి అమ్మే. "పిన్నిగారూ, మావాడికి పరీక్ష, కాస్త ఎదురు రండి" అని ఎవరు కేకేసినా, పొయ్యి మీద ఏముంటే అది దించేసి, నీళ్ళచెంబు పట్టుకుని వెళ్ళిపోయేది. ఆ నాలుగడుగులూ ఎంత దర్జాగా నడిచేదో. "మీ అమ్మ ఎదురొస్తే గేదె కూడా డిగ్రీ పాసవుతుంది" అని నాన్న ఏడిపించేవారు.

నాన్న పోయాక అమ్మ ఆ ఉద్యోగం మానేసింది. ఎవరూ ఆవిణ్ణి ఒక్క మాట అనలేదు. అనకముందే తనే తప్పుకుంది. నా దగ్గరికి వచ్చేశాక కూడా అంతే. పొద్దున్నే నేను కారు తాళాలు చేతిలోకి తీసుకున్నానంటే చాలు, బాత్రూంలోకో, సామాన్ల గదిలోకో వెళ్ళి తలుపేసుకునేది. గరాజ్ తలుపు కిందికి దిగిన చప్పుడు విన్నాకే బయటికొచ్చేది. అరిచాను. బతిమాలాను. ఒకసారి బియ్యం బస్తాల మధ్య నుంచి చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను కూడా. "నీ కోపం నీది, నా జాగ్రత్త నాది" అంది. అమ్మ నాతో ఉన్నందుకు నాకెంత సంతోషమో, రోజూ ఆవిడ మొహం చూడకుండా బయల్దేరడం అంత కష్టంగా ఉండేది. నాకు కావలసింది ఒక్కటే, మా అమ్మ దాక్కోవడం మానెయ్యాలి. ఆ ఒక్కటీ నా వల్ల కాలేదు.

కాలేజీ మారింది. కొత్తలో నేను దేనికీ లొంగలేదు. పార్కింగు వెనక వీధిలో, అంతస్తుల మీద అంతస్తులు ఎక్కాలి. నా క్లాసురూము ఒకప్పుడు పరుపులు, దుప్పట్లు అమ్మిన అంతస్తులో. అక్కడ పిల్లలకి నిద్ర రాక ఏమొస్తుంది అని విసుక్కున్నాను. కానీ కింద అంతస్తు చూస్తే మాత్రం నోరెత్తలేకపోయాను. అద్దాలకి కొట్టిన చెక్కలన్నీ తీసేశారు. బొమ్మలకి బట్టలు తొడిగి నిలబెట్టే ఆ పెద్ద పెద్ద షో కిటికీల్లో సోఫాలు, బల్లలు వేశారు. పిల్లలు అందులో కూర్చుని చదువుకుంటుంటే, వీధిన పోయేవాళ్ళు నిలబడి చూసేవారు. ఆ ఊళ్ళో అద్దం వెనక మనుషులు కనపడి ఎంతకాలమైందో.

చలికాలంలో ఒకరోజు మా ఇంట్లో హీటర్ ఆగిపోయింది. గడ్డ కట్టే చలిలో అమ్మని ఒక్కదాన్నీ వదల్లేక కాలేజీకి తీసుకెళ్ళి, ఒక షో కిటికీలో సోఫా మీద కూర్చోబెట్టి క్లాసుకి వెళ్ళాను. మాచెర్ల మిరపకాయ రంగు పట్టుచీర, దాని మీద నా పాత కోటు, కాళ్ళకి స్నీకర్లు. నేను తిరిగొచ్చేసరికి అద్దం బయట నలుగురు ఆడవాళ్ళు. ఒకావిడ లోపలికొచ్చి, ఆ బట్ట గజం ఎంత, ఇక్కడ మళ్ళీ షాపు తెరుస్తున్నారా అని అడిగింది. అమ్మ ఆవిడకి కొంగు చేతికిచ్చి చూపిస్తూ, అది ఎక్కడ కొన్నదో, ఎంతకి బేరమాడిందో తెలుగులో వివరంగా చెప్తోంది. ఆవిడ తలూపుతోంది. ఇద్దరికీ అంతా అర్థమైనట్టే ఉంది.

హీటర్ మర్నాడే బాగైంది. కానీ అమ్మ మర్నాడు నాకన్నా ముందే కోటు తొడుక్కుని కార్లో కూర్చుంది. "ఇంట్లో కూర్చుని గోడలు చూసేకంటే అక్కడ నయం. మనుషులు కనపడతారు" అంది. నేను సంతోషించాను. కార్లో ఇద్దరం కలిసి బయల్దేరితే ఇంక దాక్కునేదేముంటుంది?

నా సంతోషం వీధిలోకి వచ్చేదాకానే. పార్కింగులోంచి బయటికొచ్చి మెయిన్ స్ట్రీట్ మీద నడుస్తుంటే, స్టేషన్ వైపునుంచి పిల్లలు గుంపులుగా ఎదురొస్తారు కదా. వాళ్ళని చూడగానే అమ్మ గభాలున పక్కకి తప్పుకుని, దగ్గర్లో ఉన్న అద్దం వైపు తిరిగి, వీధికి వీపు పెట్టి నిలబడిపోయేది. గుంపు వెళ్ళాక నడక. మళ్ళీ గుంపు, మళ్ళీ అద్దం.

"ఎందుకమ్మా?"

"చదువుకునే పిల్లలే. పొద్దున్నే ఏ ఎగ్జామ్‌కి పోతున్నారో ఏవిటో. నేనెందుకు అడ్డం?"

ఆవిడ నిలబడే అద్దం చాలాసార్లు బార్బర్ షాపుది అయ్యేది. ఆ ముసలి బార్బర్ మొదట్లో తలూపేవాడు. తర్వాత చెయ్యి ఊపేవాడు. కొన్నాళ్ళకి నన్ను ఆపి, ఎంతో మర్యాదగా అడిగాడు. "మీ అమ్మగారు రోజూ వచ్చి నా షాపు లోపలికి చూస్తున్నారు. జుట్టు కత్తిరించుకోవాలని ఉండి మొహమాటపడుతున్నారేమో. మొదటిసారి ఉచితంగా చేస్తానని చెప్పండి."

నేను బిక్కచచ్చిపోయాను. భర్త పోయిన ఆడవాళ్ళకి మంగలిని పిలిచి జుట్టు తీయించిన కాలం మా ముత్తవ్వలు చూసిందే. ఈ మాట అమ్మకెలా చెప్పను? చెప్పకుండా ఉండలేక కార్లో చెప్పేశాను. అమ్మ ఒక్క క్షణం నా వైపు చూసి, "ఆ ముచ్చటొక్కటే తక్కువైందే" అని నవ్వడం మొదలుపెట్టింది. సీటు బెల్టు పట్టుకుని, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. నాన్న పోయాక ఆవిడ అలా నవ్వగా నేను చూడలేదు. నేను కారు రోడ్డు పక్కన ఆపుకోవాల్సి వచ్చింది.

ఈలోగా సిటీవాళ్ళ లెక్క ఒప్పని తేలుతోంది. బార్బర్ పక్కన మూసున్న బేకరీ తెరిచారు. సందు చివర ఎవరో బండి పెట్టి మెక్సికన్ టాకోలు అమ్మడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం పూట ఫుట్‌పాత్ మీద కుర్చీలు. ఆఫీసునుంచి రైల్లో వచ్చే మా ఆయన కోసం నేను కూడా సాయంత్రాలు అక్కడే ఆగి కాఫీ తాగడం అలవాటు చేసుకున్నాను. "మీటింగులో అరిచింది నువ్వేనా?" అని ఆయన అడిగితే, వేడి కాఫీ మీద మాట్లాడకూడదని చెప్పాను.

నా ఆల్జీబ్రా క్లాసులో యాభై దాటిన ఒకావిడ ఉండేది. ఈ భవనం స్టోరుగా ఉన్నప్పుడు కింద అంతస్తులో చెప్పులు అమ్మిందట. అందుకని అమ్మ ఆవిడకి "చెప్పులావిడ" అని పేరు పెట్టింది. నర్సింగులో చేరాలని ఆవిడ కోరిక. దానికి నా ఆల్జీబ్రా పాసవాలి. పాత క్యాంపస్‌లో ఒకసారి తప్పింది. రెండు బస్సులు మారి, హైవే అంచున నడిచి, ఆవిడ చేరేసరికే పరీక్ష సగం అయిపోయింది. ఇప్పుడు స్టేషన్ అవతల ఉన్న ఇంటినుంచి నడిచి వస్తోంది.

ఒకరోజు క్లాసయ్యాక ఆగి, నేనేమైనా తప్పు చేశానా అని అడిగింది. "మీ అమ్మగారు నన్ను చూస్తే అటు తిరిగిపోతున్నారు. నిన్న దాదాపు గోడలోకి దూరిపోయారు."

ఉన్నదంతా చెప్పాను. చెప్తుంటే అమ్మ మీద కోపం, ఆ కోపం మీద సిగ్గు. ఆవిడ అంతా విని తాపీగా అంది. "నా భర్త కూడా పోయాడు. అప్పటికి నాకింకా ముప్పై దాటలేదు. ఆ తర్వాత స్టోరు తలుపు పొద్దున్నే తీసే పని నాదే. ఊరంతా నన్ను దాటుకునే లోపలికొచ్చేది."

ఆ మాట ఇంటికి వెళ్తుంటే అమ్మకి చెప్పాను. కారు కిటికీలోంచి బయటికి చూస్తూ అడిగింది.

"ఆ షాపు బాగా నడిచేదా?"

"ఊరంతా అక్కడే కొనేదట."

"మరి మూతబడిందిగా?"

"అది హైవే మీద మాల్ వచ్చి మూతబడిందమ్మా. ఈవిడ తలుపు తీసినందుకు కాదు."

"ఊఁ" అంది. ఒప్పుకున్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు.

మే నెలలో ఆల్జీబ్రా ఫైనల్ దగ్గర పడింది. ముందురోజు చెప్పులావిడ తిన్నగా షో కిటికీలోకి వెళ్ళి, అమ్మ పక్కన సోఫాలో కూర్చుంది. నన్ను పిలిచి, తను చెప్పేది అమ్మకి తెలుగులో చెప్పమంది. "రేపు నా ఎగ్జామ్. నేను స్టేషన్ వైపునుంచి వస్తాను. మీరు నాకు ఎదురు రావాలి."

అమ్మ మొహం పాలిపోయింది. ఆవిడ చెయ్యి మీద చెయ్యి వేసి, తీసేసి, లేచి కోటు తొడుక్కుంది.

కార్లో నేను ఊరుకోలేకపోయాను. అడిగినావిడకే పట్టింపు లేనప్పుడు నీకేంటి, ఆవిడదీ నీదీ ఒకే పరిస్థితి కదా, ఏ కాలంలో ఉన్నావు అని చెడామడా అనేశాను. అమ్మ నన్ను పూర్తిగా అననిచ్చింది.

"మొగుడు పోయినవాళ్ళు ఎదురు రాకూడదని నేను మానేశాననుకుంటున్నావా?" అంది తర్వాత. "ఆవేళ పొద్దున్న మీ నాన్న బ్యాంకుకి బయల్దేరారు. ఎవరూ ఎదురు రావట్లేదే అన్నారు, ఏడిపిద్దామని. చెంబు పట్టుకుని నేనే ఎదురొచ్చా. నవ్వుకుంటూ వెళ్ళారు. బస్టాండు దగ్గర పడిపోయారు. ఆయనకి చివర ఎదురొచ్చింది నేనే."

ఇన్నేళ్ళూ నేను ఆచారంతో పోట్లాడుతున్నాననుకున్నాను. ఆవిడ మోస్తున్నది వేరే. రాత్రి అన్నం ముందు కూర్చుని అమ్మ ఇంకో మాట అంది. "పిలిస్తే రానని నేనెప్పుడూ అనలేదే. ఆ తర్వాత ఎవరూ పిలవలేదు."

మర్నాడు మామూలుగానే కాలేజీకి వెళ్ళాం. ఎండ బాగా కాస్తోంది. ఫుట్‌పాత్ కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. అమ్మ షో కిటికీ వైపు వెళ్ళింది, నేను పరీక్ష సరంజామా తీసుకోవడానికి పైకి వెళ్ళాను. కిందికి వచ్చేసరికి సోఫా ఖాళీ. హాల్లో మంచినీళ్ళ కుళాయి దగ్గర, అమ్మ హ్యాండ్‌బ్యాగులోంచి ఇంటి స్టీలు చెంబు తీసి నీళ్ళు పడుతోంది. నన్ను చూసి, పట్టుబడ్డ పిల్లలా మొహం పెట్టింది. నేను తలుపు తీసి పట్టుకున్నాను.

అమ్మ మెయిన్ స్ట్రీట్ మీదికి దిగింది. అటువైపు రైలొచ్చినట్టుంది, స్టేషన్ మలుపులోంచి పిల్లలు గుంపుగా వస్తున్నారు. వాళ్ళ మధ్యలో చెప్పులావిడ, వీపుకి బ్యాగు తగిలించుకుని. అమ్మ నాలుగడుగులు వేసింది. గుంపుని చూసింది. అలవాటు ఎక్కడికి పోతుంది, బార్బర్ షాపు దగ్గర కాళ్ళు పక్కకి తిరిగాయి. అద్దం వైపు నిలబడిపోయింది. లోపల్నుంచి బార్బర్ ఎప్పట్లాగే చెయ్యి ఊపాడు. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. వెళ్ళి చెయ్యి పట్టుకుని లాగుదామా అనిపించింది. బియ్యం బస్తాలు గుర్తొచ్చి ఆగిపోయాను.

అమ్మ బార్బర్‌కి చెయ్యి ఊపింది. చెంబు రెండు చేతుల్లోకి తీసుకుని వీధి వైపు తిరిగింది. ఫుట్‌పాత్ మధ్యలోకి వచ్చి నడిచింది. మా తెనాలి వీధిలో నడిచిన నడకే. పిల్లలు ఆవిణ్ణి అలా ఎదురుగా చూడటం అదే మొదటిసారి, దారి ఇవ్వబోయారు. "పక్కకి పోకండ్రా, తిన్నగా రండి" అంది తెలుగులో. చెప్పులావిడ ఆగిపోయి, కౌగిలించుకోబోయింది. "ఆగకూడదు. వెనక్కి చూడకు. వెళ్ళు, వెళ్ళు" అని అమ్మ కళ్ళతోనే గదమాయించి దాటిపోయింది. ఆవిడ కన్నీళ్ళు తుడుచుకుంటూ నా ముందునుంచే లోపలికి వెళ్ళింది. వెనక్కి చూడలేదు.

ఆ తర్వాత జరిగింది నేను ఊహించనిది. నీలంరంగు జుట్టున్న ఒక పిల్ల, ఏమిటిది, మాకు లేదా అని అడిగింది. నేను చెప్పాను. నాకూ కావాలంది. ఇంకో ఇద్దరు వచ్చారు. పాపం అమ్మ స్టేషన్ మలుపుదాకా వెళ్ళి, మళ్ళీ కాలేజీ తలుపు దాకా వచ్చి, మళ్ళీ బయల్దేరింది. "వీధికంతటికీ ఒక్కదాన్నే అయిపోయానే" అంది నన్ను దాటుతూ. మొహం వెలిగిపోతోంది. టాకోల బండివాడు కూడా ఏదో లాటరీ వ్యవహారం ఉందని వచ్చి వరసలో నిలబడ్డాడు. నా పరీక్ష ఆలస్యంగా మొదలైంది. పిల్లలకి అదనంగా సమయం ఇచ్చాను.

పరీక్ష కంప్యూటర్ మీద కాబట్టి, రాసిన మరుక్షణం ఫలితం తెర మీదే కనపడుతుంది. పరీక్ష ముగిశాక నేను అమ్మ దగ్గరికి వచ్చాను. నా వెనకే చెప్పులావిడ మెట్ల మీదనుంచే చేతులు పైకెత్తి దిగింది. ఈసారి అమ్మ కౌగిలింతకి అడ్డు చెప్పలేదు. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని ఏడ్చారు, నేను కూడా ఏడ్చాను. ఆ వెనకే నీలంజుట్టు పిల్ల దిగింది. మా దగ్గరికి వచ్చి, తప్పానని తనే చెప్పింది. అమ్మ వైపు చూసి మొహమాటంగా నవ్వి వెళ్ళిపోయింది.

అయిపోయింది, ఇంక రేపటినుంచి మళ్ళీ బాత్రూం తలుపే అనుకున్నాను. అమ్మకి ఎలా సర్దిచెప్పాలో వెతుక్కుంటున్నాను.

"ఆ పిల్ల క్లాసుకి సరిగ్గా వచ్చేదా?" అంది అమ్మ.

"సగం రోజులు రాలేదు."

"చదివుండదు" అంది. "చదవకపోతే నేను ఎదురొచ్చి మాత్రం ఏం చేస్తాను?"

అనేసి, ఆ మాట తనకే కొత్తగా వినపడ్డట్టు ఆగిపోయింది. చెంబులో మిగిలిన నీళ్ళవైపు చూస్తూ షో కిటికీలో సోఫా మీద కూర్చుంది.

"మీ నాన్న కూడా బీపీ మాత్రలు వేసుకునేవారు కాదు" అంది నెమ్మదిగా. "చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది."

నేను ఆవిడ పక్కన కూర్చున్నాను. అద్దం బయట వీధిలో ఎవరెవరో వస్తున్నారు, పోతున్నారు. కాసేపటికి అమ్మ చెంబులో నీళ్ళు పక్కనున్న మొక్క కుండీలో పోసి, చెంబు బ్యాగులో పెట్టుకుంది.

"ఆ నీలంజుట్టు పిల్ల మళ్ళీ ఎప్పుడు రాస్తుంది?"

"వేసవిలో."

"ముందు చదవమను" అంది అమ్మ. "ఎదురు నేనొస్తాను."